సూర్యలంకలో అల విరగని చోటే అసలు ప్రమాదం

బాపట్ల: ఆదివారం తెల్లవారుతుండగానే బాపట్ల రైల్వే స్టేషన్ ముందు ఆటోవాలాల కేకలు మొదలవుతాయి. గుంటూరు, నరసరావుపేట, విజయవాడ, హైదరాబాదు నుంచి వచ్చి దిగేవారిలో చాలామంది అడిగే పేరు ఒక్కటే, సూర్యలంక. పట్టణానికి సుమారు 9 కిలోమీటర్ల దూరం. వైమానిక దళ కేంద్రం ఉన్న ప్రాంతం గుండా, సరుగుడు తోటల నడుమ సాగిన రోడ్డు చివరకు ఇసుకలో ఆగిపోతుంది. ఎదుట బంగాళాఖాతం. అంతవరకు పులిహోర పొట్లాల గురించి, ఫొటోల గురించి మాట్లాడుకుంటూ వచ్చినవారు బండి దిగీ దిగగానే పరుగు తీస్తారు. చెప్పులు ఒకచోట, సంచులు ఒకచోట, మనుషులు నీళ్లలో.

ఈరోజు సముద్రం ఎలా ఉందని ఒడ్డున ఒక్కరినైనా అడిగి దిగేవారు అరుదు.

ఈ పరుగులోనే ఏటా నిండు ప్రాణాలు పోతున్నాయి. 2022 అక్టోబరులో దసరా సెలవుల వేళ విజయవాడ నుంచి సరదాగా వచ్చిన కుర్రవాళ్ల బృందంలో పలువురు సూర్యలంక అలలలో కొట్టుకుపోయారు. 2024 జూన్‌లో చీరాల దగ్గరి రామాపురం తీరంలో యువకులు మునిగి చనిపోయిన తరువాత రామాపురం, ఓడరేవు తీరాలకు సందర్శకులు రాకుండా పోలీసులు కొన్నాళ్లు ఆపివేయవలసి వచ్చింది. ఇలా మరణించినవారిలో ఎక్కువమంది చదువుకుంటున్న పిల్లలు, అప్పుడే ఉద్యోగాల్లో కుదురుకుంటున్న యువకులు. ఉదయం ఇంట్లో చెప్పి బయలుదేరినవారు కొందరైతే, చెప్పకుండా వచ్చినవారు మరికొందరు. ఒడ్డున వదిలిన బట్టల్లో సెల్ ఫోను మోగుతూ ఉంటే అవతల తల్లికి ఏం చెప్పాలో తెలియక చుట్టూ ఉన్నవారు ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసిన దుస్థితి ఏ తీరంలోనూ రాకూడనిది.

ప్రమాదం జరిగిన మర్నాడు అందరూ అనే మాట ఒకటే. లోతుకు వెళ్లారు, అందుకే పోయారు అని. ఈ మాట సగమే నిజం. మోకాలి లోతులో, నడుము లోతులో నిలబడి ఆడుకుంటున్నవారు సైతం కొట్టుకుపోతున్నారు. వారిలో ఈత వచ్చినవారూ ఉన్నారు. కారణం తెలుసుకోకుండా లోతు మీద నింద వేసి ఊరుకోవడం వల్ల మళ్లీ మళ్లీ అదే జరుగుతోంది.

ప్రశాంతంగా కనిపించే నీరు

అలలు వరుసగా వచ్చి ఒడ్డును కొడుతుంటే ఆ నీరంతా ఒడ్డున పోగుపడుతుంది. పోగుపడిన నీరు ఏదో ఒక దారిన మళ్లీ సముద్రంలోకి పోవాలి. ఇసుక తీరాల్లో నీటి అడుగున ఒడ్డుకు సమాంతరంగా ఇసుక మెట్టలు ఉంటాయి. ఒడ్డుకూ మెట్టకూ మధ్య పల్లంగా ఉండే చోట చేరిన నీరు, మెట్ట ఎక్కడ తెగి ఉంటే అక్కడికి పరుగెత్తి, ఆ గండిలోంచి ఒక్క ఉదుటున లోపలికి పోతుంది. చెరువు కట్టకు గండి పడితే నీరు ఎలా లాగుతుందో రైతులకు చెప్పనక్కర లేదు. సముద్రంలో జరిగేదీ ఇంచుమించు అదే. శాస్త్రజ్ఞులు దీనిని రిప్ కరెంట్ అంటారు. తెలుగులో లోపలికి లాగే పాయ అనుకోవచ్చు.

ఈ పాయ వెడల్పు పది గజాలు ఉండవచ్చు, అంతకు అయిదారు రెట్లూ ఉండవచ్చు. మామూలుగా సెకనుకు 1 నుంచి 2 అడుగుల వేగంతో పోతుంది. సముద్రం రేగిన రోజున సెకనుకు 8 అడుగుల వరకు పోయిన పాయలను కూడా కొలిచారు. 50 మీటర్ల దూరాన్ని సుమారు 21 సెకన్లలో ఈదే ఒలింపిక్ ఈతగాడు సైతం ఆ వేగానికి ఎదురీది ఒడ్డుకు రాలేడు. ఇక కాలేజీ కుర్రవాడి మాట చెప్పేదేముంది!

అన్నిటికంటె పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఈ పాయ భయంకరంగా కనిపించదు. గండి ఉన్నచోట నీరు లోతు గనుక అక్కడ అల విరగదు. అటూ ఇటూ తెల్లని నురుగుతో అలలు విరుగుతుంటే మధ్యలో కొంతమేర మాత్రం నీరు నున్నగా, కాస్త నల్లగా, ఆహ్వానిస్తున్నట్లు కనిపిస్తుంది. పిల్లలు పక్కనుండగా పెద్దలు వెతికేది సరిగ్గా అలాంటి చోటే. ఇక్కడ అలలు తక్కువగా ఉన్నాయి, ఇక్కడ దిగుదాం అని చంటిపిల్లలను చంకనేసుకొని మరీ అక్కడికే పోతారు.

మత్స్యకారుల లెక్క ఇందుకు పూర్తిగా తలకిందులుగా ఉంటుంది. పడవను లోపలికి తోసేటప్పుడు అల విరగని చోటు చూసి తోస్తారు. నీరే పడవను లాగి అలల అవతలికి చేరుస్తుంది గనుక శ్రమ తక్కువ. పల్లెకారు పడవ తోసే చోటు పట్నం పిల్లవాడు దిగకూడని చోటు అన్నమాట. ఈ ఒక్క ముక్క తెలిసినవారు ఒడ్డునే వలలు బాగుచేసుకుంటూ కూర్చుని ఉంటారు. తెలియనివారు వారి పక్కనుంచే పరుగెత్తి నీళ్లలో దూకుతారు. ఇద్దరి మధ్య మాట లేదు.

దిగేముందు పది నిమిషాలు ఇసుక దిబ్బ మీద నిలబడి చూస్తే పాయ జాడ చాలావరకు తెలిసిపోతుంది. రెండు నురుగు వరుసల మధ్య నురుగు లేని ఖాళీ, చుట్టూ ఉన్నదానికంటె రంగు మారిన నీరు, ఒక్కొక్కప్పుడు ఇసుక కలిసి బురదగా కనిపించే చార, ఒడ్డు నుంచి లోపలికి పోతున్న చెత్త, ఆకులు, నురుగు. ఇవి గుర్తులు. అయితే ఎండ కళ్లలో పడే వేళ, గాలి ఎక్కువై నీరంతా చిందరవందరగా ఉన్న రోజున అనుభవం లేనివారి కళ్లకు ఏమీ ఆనదు. అలాంటప్పుడు అడగడమే మార్గం.

కాలువ ఈత వేరు

ఈ ప్రాంతపు పిల్లలకు ఈత కొత్తేమీ కాదు. కొమ్మమూరు కాలువలో, ఊరి చెరువుల్లో, మోట బావుల్లో బెండు కట్టుకొని నేర్చినవారే చాలామంది. పైప్రాంతాల నుంచి వచ్చేవారిలో కృష్ణలో ఈదినవారు ఉంటారు, నగరాల్లో నెలకింత అని కట్టి ఈత కొలనుల్లో నేర్చినవారూ ఉంటారు. తమకు ఈత వచ్చన్న ధైర్యమే వీరిని ముందుకు తోస్తుంది.

కాలువలో నీరు ఒక్క దిక్కుకే పోతుంది. గట్టు రెండు పక్కలా కనిపిస్తుంది. బావిలో మెట్టు అందుతుంది. సముద్రంలో పైనుంచి అల తోస్తుంది, కిందనుంచి నీరు లాగుతుంది, పాదాల కింద ఇసుక తొలుచుకుపోతుంది. అల ముఖాన కొట్టినప్పుడు ఊపిరి ఎప్పుడు తీయాలో కొలను నేర్పదు. ఒక అల నుంచి తేరుకునేలోగా రెండవది వస్తుంది. రెండు గుక్కల ఉప్పునీరు గొంతులో పడిందంటే ఎంత ఈతగాడికైనా చేతులు తడబడతాయి. ఈత వచ్చినవాడు ఇక్కడ చేసే పొరపాటు కూడా ఈతే. లోపలికి పోతున్నానని తెలియగానే ఒడ్డుకేసి బలం కొద్దీ ఈదుతాడు. పాయకు ఎదురీదడంలో అయిదు నిమిషాల్లో శక్తంతా అయిపోతుంది. మనిషిని చంపేది ఎక్కువగా ఆ అలసటే. పాయ మనిషిని నీటి కిందకు లాగదు, దూరంగా తీసుకుపోతుంది, అంతే.

ఆడవారి విషయం మరింత జాగ్రత్తగా చూడవలసి ఉంది. చీర కట్టుతోనే స్నానానికి దిగడం మన వాడుక. తడిసిన నూలు చీర కాళ్లకు చుట్టుకుంటే మోకాలి లోతులో పడిన మనిషి కూడా లేవలేదు. ఆరు గజాల బట్ట పీల్చిన నీటి బరువు సామాన్యమైనది కాదు. నలుగురైదుగురు చేతులు పట్టుకొని వరుసగా నిలబడడం క్షేమమనుకుంటారు. ఆ వరుసలో ఒకరు జారితే మిగతా అందరినీ లాగుతారు. సముద్రానికి వీపు పెట్టి ఫొటోకు నిలబడడం ఇటీవలి కాలపు జాడ్యం. వచ్చే అలను చూడనివాడు దానికి సిద్ధపడలేడు.

మద్యం గురించి ఎంత చెప్పినా తక్కువే. సరుగుడు తోటల నీడన సీసాలు ఖాళీ చేసి, బిర్యానీ తిని, ఆ మీద నీళ్లలో దిగే బృందాలు లేని ఆదివారం ఉండదు. తాగినవాడికి చలి తెలియదు, లోతు తెలియదు, తన బలమెంతో అసలే తెలియదు. పక్కవాడు మునుగుతుంటే అది కూడా ఆటేననుకుంటాడు.

కార్తీక పౌర్ణమి నాడు

సూర్యలంకకు ఏడాదిలో అన్నిటికంటె పెద్ద రోజు కార్తీక పౌర్ణమి. ముందురోజు రాత్రికే కుటుంబాలు కుటుంబాలుగా జనం చేరతారు. తెల్లవారుజామున సముద్ర స్నానం చేసి, ఇసుకలో సైకత లింగం చేసి దీపం పెట్టుకొని, అరటి దొప్పల్లో దీపాలు వదిలి వెళ్తారు. ముసలివారు, పసిపిల్లలు, సముద్రం ముఖం ఎన్నడూ చూడనివారు, అందరూ ఆ ఒక్కరోజే.

సముద్రం లెక్క చూస్తే ఆ రోజే కొంచెం కష్టమైన రోజు. పౌర్ణమికీ, అమావాస్యకూ చంద్రుడు, సూర్యుడు, భూమి ఒకే వరుసకు వస్తాయి. వాటి ఆకర్షణ కలిసి పోటు మామూలుకంటె ఎక్కువ ఎక్కుతుంది, ఆటు మామూలుకంటె ఎక్కువ తీస్తుంది. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. పోటు ఎక్కిన ఆరు గంటలకు పైచిలుకు నీరు తీస్తూ ఉంటుంది. పౌర్ణమి ఉదయం పోటు మీద ఉన్న నీరు పొద్దెక్కిన తరువాత వెనక్కి తీయడం మొదలుపెడుతుంది. నీరు తగ్గేకొద్దీ ఇసుక మెట్టల మధ్య గండ్లలో లాగుడు జోరందుకుంటుంది. పూజ ముగించుకొని, పలహారాలు చేసి, ఇక తీరికగా ఆడుకుందామని యువకులు రెండోసారి నీళ్లలో దిగేది సరిగ్గా ఆ వేళకే. తెల్లవారుజామున తాము స్నానం చేసిన చోటు అదే కదా అనుకుంటారు. చోటు అదే, నీరు అది కాదు.

పైగా కార్తీకం తుపానుల కాలం. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటితే, ఎనిమిది రోజులకే, నవంబరు 5న కార్తీక పౌర్ణమి వచ్చింది. అంతకుముందు 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్లకు దగ్గరలోనే తీరం దాటింది. పెద్ద తుపాను పోయిన తరువాత నీటి అడుగున ఇసుక ఎక్కడిదక్కడ ఉండదు. మెట్టలు కదులుతాయి, కొత్త గండ్లు పడతాయి. పోయిన ఏడాది నడుము లోతున్న చోట ఈ ఏడాది మనిషి మునిగే గుంట ఉండవచ్చు. ఏటా వస్తున్నాం, మాకు తెలుసు అనే ధీమాకు ఆధారం లేదు.

ఆకాశం నిర్మలంగా ఉందని మోసపోరాదు. వందల, వేల మైళ్ల దూరంలో సముద్రం మీద వీచిన పెనుగాలికి పుట్టిన పొంగు ఎండకాస్తున్న రోజున కూడా మన ఒడ్డుకు చేరి అలలను పెద్దవి చేస్తుంది. హైదరాబాదులో 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ అలల ఎత్తు, పొంగు గురించి ముందుగానే హెచ్చరికలు ఇస్తోంది. ఈ హెచ్చరికలు ముఖ్యంగా వేటకు వెళ్లే మత్స్యకారులను ఉద్దేశించినవి. ఆదివారం సూర్యలంకకు బయలుదేరే కుటుంబానికి వాటి ఊసే తెలియదు. రైల్లో కూర్చుని సినిమా చూసే ఫోనులోనే ఆ సమాచారం దొరుకుతుందంటే చాలామంది ఆశ్చర్యపోతారు.

పాయలో పడితే

లాగుతున్నదని తెలిసిన క్షణాన చేయవలసిన మొదటి పని, ఏమీ చేయకుండా తేలడం. ఇది చెప్పడం తేలిక, చేయడం కష్టం. అయినా తెలిసి ఉంటే కొంత మేలు. వెల్లకిలా తిరిగి, తల వెనక్కి వాల్చి, చెవులు నీటిలో మునిగినా ముఖం పైకి ఉంచి, గుండెల నిండా ఊపిరి పట్టి, చేతులు బార్లా చాపాలి. ఉప్పునీరు మంచినీటికంటె మనిషిని బాగా తేలుస్తుంది. ఒక చెయ్యి ఎత్తి ఊపుతూ కేకలు వేయాలి. పాయ సాధారణంగా అలలు విరిగే వరుస దాటిన తరువాత బలం కోల్పోతుంది. అప్పుడు, ఈత వచ్చినవారు ఒడ్డుకు నేరుగా రాకుండా ఒడ్డు వెంబడి పక్కకు ఈది, అలలు తెల్లగా విరుగుతున్న చోటికి చేరితే ఆ అలలే ఒడ్డుకు తోస్తాయి. దిగేటప్పుడు భయపెట్టిన అల తిరిగి వచ్చేటప్పుడు ఆదుకుంటుందని గుర్తుంచుకోవాలి. ఈత రానివారు తేలుతూ సహాయం కోసం చూడడమే మంచిది.

ఒడ్డున ఉన్నవారి సంగతి ఇంతకంటె ముఖ్యం. ఒక ప్రమాదంలో రెండు, మూడు ప్రాణాలు పోవడానికి తరచు కారణం కాపాడబోయినవారు కూడా మునగడమే. తమ్ముడి కోసం అన్న, స్నేహితుడి కోసం స్నేహితుడు ఆలోచించకుండా దూకుతారు. మునుగుతున్న మనిషి చేతికందిన దానిని వదలడు. మెడ పట్టుకుంటే ఇద్దరూ పోతారు. అందుచేత తేలేది ఏదైనా విసరాలి. మూత గట్టిగా బిగించిన ఖాళీ మంచినీళ్ల క్యాను, లారీ ట్యూబు, పిల్లల బంతి, నాలుగు ఖాళీ సీసాలు కట్టిన సంచి, ఏది దొరికితే అది. తాడు ఉంటే దాని కొస కట్టి విసరాలి. ఒకరు మునుగుతున్న మనిషి మీదనుంచి చూపు తిప్పకుండా వేలు చూపిస్తూ నిలబడాలి. ఒక్కసారి కళ్లు తిప్పితే అలల్లో తల ఎక్కడుందో మళ్లీ దొరకదు. మరొకరు పల్లెవారిని, పోలీసులను పిలవాలి. 112కు గాని, 108కి గాని ఫోను చేయాలి.

మునిగేవాడు సినిమాల్లో మాదిరి చేతులు ఊపి అరుస్తాడని చూస్తూ కూర్చోరాదు. ఊపిరికే చాలని గొంతు కేకకు ఎక్కడినుంచి వస్తుంది? తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టాన తేలుతూ మునుగుతూ, చప్పుడు లేకుండా ఒక నిమిషం లోపే అంతా అయిపోవచ్చు. పసిపిల్లలైతే మరీ తక్కువ వ్యవధి. చెయ్యి చాస్తే అందేంత దూరం దాటి పిల్లలను నీటిలో వదలకూడదనడం ఇందుకే.

బయటకు తీసిన మనిషికి మన ఊళ్లలో ఇప్పటికీ చేస్తున్న పని పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం. పిల్లలనైతే కాళ్లు పట్టుకొని తలకిందులుగా ఊపుతారు. రెండూ తప్పే. కడుపులోని నీరు పైకి వచ్చి ఊపిరితిత్తుల్లో పడుతుంది, విలువైన నిమిషాలు వృథా అవుతాయి. ఊపిరి లేని మనిషిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వాల్చి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి ముందు గాలి ఊదాలి. తరువాత రొమ్ము నడుమ రెండు చేతులతో అయిదు సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కాలి. 30 నొక్కులు, 2 ఊదులు, ఇలా అంబులెన్సు వచ్చేవరకు ఆపరాదు. చిన్నపిల్లలకు వారి రొమ్ము మందంలో మూడో వంతు దిగితే చాలు. కాసేపటికే లేచి కూర్చున్నా సరే, ఆసుపత్రికి తీసుకుపోవలసిందే. ఊపిరితిత్తుల్లో చేరిన నీటి ప్రభావం కొన్ని గంటల తరువాత కూడా బయటపడవచ్చు. బాపట్ల 9 కిలోమీటర్లు. పండుగ రోజు రద్దీలో ఆ రోడ్డున అంబులెన్సు కదలడానికి ఎంతసేపు పడుతుందో వెళ్లినవారికి తెలుసు. ఒడ్డున ఉన్నవారి చేతుల్లోనే ప్రాణం ఉందన్నమాట.

పడవలూ, ఆటలూ

తీరాల్లో జలక్రీడలు పెరుగుతున్నాయి. వేగంగా పోయే పడవలు, నీటి స్కూటర్లు, గాలి ఊదిన పొడుగాటి పడవలు జనాన్ని ఆకర్షిస్తున్నాయి. వీటిని తప్పు పట్టవలసిన పని లేదు. పల్లె కుర్రవాళ్లకు వీటివల్ల కొంత జీవనోపాధి కూడా దొరుకుతోంది. కాని ఎక్కేవారు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. లైఫ్ జాకెట్ ఒంటికి సరిపడా ఉండి, పట్టీలన్నీ బిగించి ఉండాలి. ఫొటో తీయగానే విప్పి ఒళ్లో పెట్టుకునేవారు, ఉక్కపోస్తున్నదని పట్టీ వదులు చేసేవారు ఎక్కువ. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం వద్ద, 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద జరిగిన పడవ ప్రమాదాలను ఆంధ్ర దేశం మరువలేదు. అవి నదులు. సముద్రంలో అలలు కూడా తోడవుతాయి.

గాలి ఊదిన ట్యూబులను, దిండ్లను నమ్మి ఈత రాని పిల్లలను లోపలికి పంపడం లైఫ్ జాకెట్‌తో పంపడం లాంటిది కాదు. ఒడ్డునుంచి లోపలికి వీచే గాలికి ట్యూబు బొంగరంలా తిరుగుతూ దూరంగా పోతుంది. పిల్లవాడు దానిమీదనుంచి జారితే అంతే సంగతి. స్నానాలు చేసేచోటే మోటారు పడవలు తిప్పడం మరొక దారుణం. రెంటికీ వేర్వేరు హద్దులు ఉండాలి.

బోర్డు కదలదు, గండి కదులుతుంది

ఇలాంటి తీరాల్లో కనిపించే బోర్డులు సాధారణంగా లోతుకు వెళ్లరాదని, ప్రమాదమని చెబుతాయి. చదివినవాడు మెడలోతుకు పోకుండా నడుము లోతులో ఆగి, చెప్పిన మాట విన్నాననుకుంటాడు. ఈరోజు గండి ఎక్కడుందో ఏ బోర్డూ చెప్పలేదు. ఎందుకంటే పాతిన బోర్డు పాతినచోటే ఉంటుంది, గండి మాత్రం వారానికో చోటికి, ఒక్కొక్కప్పుడు రాత్రికి రాత్రే మారుతుంది.

చాలా దేశాల్లో దీనికి కనిపెట్టిన ఉపాయం చాలా చవకైనది. ఉదయం పూట సముద్రం తెలిసిన మనిషి నడిచి చూసి, క్షేమమైన చోట రెండు వైపులా ఎరుపు, పసుపు రంగుల జెండాలు పాతుతాడు. ఆ రెండు జెండాల నడుమనే స్నానం. నీరు మారితే జెండాలు మారుస్తాడు. ఎర్ర జెండా ఎగిరితే ఎవరూ దిగరాదు. రెండు ఎర్ర జెండాలు ఎగిరితే తీరం మూసివేసినట్లు. ఇందుకు కావలసింది నాలుగు కర్రలు, కొంత గుడ్డ, ఒక ఎత్తైన మంచె, ఒక ఈల, తేలే చక్రం కట్టిన తాడు, వీటన్నిటికీ మించి, ఆ పని తెలిసిన మనిషి.

మన రాష్ట్రంలోనే విశాఖ దగ్గరి రుషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. పరిశుభ్రతతో పాటు స్నానాల రక్షణ కూడా ఆ గుర్తింపుకు షరతే. 2025 ఆరంభంలో నిర్వహణ లోపాలపై కొద్దికాలం ఆ గుర్తింపు నిలిచిపోయి, సరిదిద్దుకున్న తరువాత మళ్లీ లభించింది. సూర్యలంక అభివృద్ధికి కూడా స్వదేశ్ దర్శన్ 2.0 పథకం కింద కేంద్రం నిధులు మంజూరు చేసింది. దుకాణాలు, దీపాలు, కూర్చునే బల్లలు రావడం సంతోషకరమే. వాటి వల్ల వచ్చే జనం పెరుగుతారు. పెరిగిన జనం నీళ్లలోనే దిగుతారన్న సంగతి అంచనాలు వేసేవారు గుర్తుంచుకోవలసి ఉంది.

పండుగ రోజుల్లో పోలీసులు గజ ఈతగాళ్లను ఒడ్డున, పడవల్లో ఉంచుతున్నారు. వీరంతా మత్స్యకార పల్లెలవారే. పండుగ కాని రోజుల్లో కూడా కేక వినిపిస్తే వల పక్కన పడేసి నీళ్లలో దూకేది వీరే. వీరు ఒడ్డుకు చేర్చిన ప్రాణాల లెక్క ఏ రికార్డులోనూ పూర్తిగా ఉండదు. బతికినవాడు తడి బట్టలతోనే ఆటో ఎక్కి వెళ్లిపోతాడు. వీరిలో కొందరికైనా ఊపిరి అందించే పద్ధతి నేర్పి, ఆదివారాలు, సెలవు దినాలన్నిటా జీతం మీద నియమిస్తే జెండాలు పాతడానికి వేరే ఎవరినీ వెతకనక్కర లేదు. వారికి ఇసుక మీద నిలబడి ఒక్క చూపు చూస్తే గండి ఎక్కడుందో తెలుస్తుంది.

సాయంత్రం అయిదు దాటితే పోలీసులు ఈలలు వేస్తూ జనాన్ని నీళ్లలోంచి బయటకు రమ్మంటారు. ఇంకొక్క అల, ఇంకొక్క ఫొటో అని బతిమాలేవారు ఎప్పుడూ ఉంటారు. అదే వేళకు పల్లెవారు రేపటి వేటకు వలలు సర్దుకుంటూ, పడవను ఎక్కడినుంచి తోయాలా అని నీటిని పారజూస్తుంటారు. వారు చూసే చోట అల విరగడం లేదు. అక్కడే ఒక తండ్రి, భుజాల మీద కూతురుతో, నడుము లోతులో నిలబడి నవ్వుతుంటాడు. పల్లెవారిలో ఒకరు లేచి, ఏమయ్యా, కాస్త పక్కకు రా, అని కేక వేస్తారు.